లాసాల్ వీధి కొసన ధాన్యపు మేడ

వంటనూనెల వ్యాపారం చేసేవారికి చికాగో అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది వివేకానందస్వామి ఉపన్యాసం కాదు, నిన్న రాత్రి సోయా నూనె ఎంతకు ముగిసిందన్న సంగతి. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగే సోయా నూనె అర్జెంటీనా నుంచి వచ్చినా, బ్రెజిల్ నుంచి వచ్చినా, బేరం మాత్రం చికాగో ధరను పట్టుకునే నడుస్తుంది. అక్కడి పగటి బజారు మన లెక్కన వేసవిలో రాత్రి 7 గంటలకు, చలికాలంలో 8 గంటలకు తెరుచుకుంటుంది. ఇక్కడ దుకాణాలు కట్టేసే వేళకు అక్కడ తేజీ మందీ మొదలవుతుంది.

ఆ ధరకు ఒక ఇల్లుంది. చికాగో నగరం నడిబొడ్డున, లాసాల్ వీధి దక్షిణపు కొసను అడ్డంగా మూసేసినట్టు నిలబడిన 44 అంతస్తుల రాతిమేడ అది. పేరు బోర్డ్ ఆఫ్ ట్రేడ్ భవనం. వీధికి రెండు వైపులా బ్యాంకులు, బ్రోకర్ల కార్యాలయాలు కొండగోడల్లా నిలిచి ఉంటే, వాటి మధ్య లోయలో నడిచివచ్చేవాడికి ఎదురుగా ఈ మేడ ఒక్కటే కనిపిస్తుంది. శిఖరం మీద సీరిస్ విగ్రహం ఉంది. రోమనుల నమ్మకంలో ఆమె పంటలకు అధిదేవత, మన అన్నపూర్ణ వంటిది. ఎడమ చేతిలో గోధుమ కంకుల కట్ట, కుడి చేతిలో మొక్కజొన్న సంచి. అల్యూమినియంతో చేసిన 31 అడుగుల విగ్రహం. విశేషమేమంటే ఆ దేవతకు ముఖం లేదు. అంత ఎత్తుకు ఎక్కి ఆమె ముఖం చూడగలిగేంత మేడ ఆ పరిసరాల్లో మరొకటి రాదని శిల్పి జాన్ స్టోర్స్ లెక్క వేసుకుని కళ్ళు, ముక్కు చెక్కకుండా వదిలేశాడు. ఆ లెక్క 35 ఏళ్ళు నిలిచింది. 1965లో అంతకంటే ఎత్తయిన మేడ లేచింది.

ఎవరూ రాని అంగడి

ఈ బోర్డు మొదలైన తీరు చూస్తే ఇంత మేడ కడతారని ఎవరూ అనుకోరు. 1848 ఏప్రిల్‌లో 82 మంది వర్తకులు కలిసి సౌత్ వాటర్ వీధిలో ఒక చోటు చూసుకుని సంఘం పెట్టుకున్నారు. ఆ సంవత్సరం చికాగోకు కలిసివచ్చిన సంవత్సరం. మిచిగాన్ సరస్సును ఇలినాయ్ నదితో కలిపే కాలువ తెరిచారు. మొదటి రైలు నడిచింది. తంతి తీగ వచ్చింది. ఇన్ని జరిగినా వర్తకులు మాత్రం బోర్డుకు రాలేదు. రోజూ ఒకచోట కూడి బేరమాడవలసిన అగత్యం వారికి కనపడలేదు. హాజరు పెంచడానికి బిస్కెట్లు, జున్ను, బీరు ఉచితంగా పెట్టిచూశారు. అయినా 1851 నాటికి కూడా కొన్ని రోజులు ఒక్కడే సభ్యుడు వచ్చి కూర్చుని పోయేవాడని, కొన్ని రోజులు ఆ ఒక్కడూ రాలేదని బోర్డు పుస్తకాలే చెబుతున్నాయి.

పరిస్థితిని మార్చింది ఉచిత భోజనం కాదు, గోనెసంచి పోవడం. దీన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

అంతకు ముందు రైతు ధాన్యం సంచుల్లో వచ్చేది. సంచి మీద ఆసామీ గుర్తు ఉండేది. అమ్ముడు పోయేదాకా ఆ గింజ ఆ ఆసామీదే. కొనేవాడు సంచి విప్పి, పిడికెడు తీసి, నోట్లో వేసుకుని కొరికి ధర చెప్పేవాడు. మన యార్డుల్లో ఈనాటికీ మిర్చి బస్తా విప్పి రంగు, తాలు, తేమ చూసి ధర కట్టే పద్ధతి ఇదే. కాని చికాగోలో ఆవిరి యంత్రంతో నడిచే ఎత్తయిన గిడ్డంగులు వచ్చాయి. రైలు పెట్టెలోని ధాన్యాన్ని యంత్రం పైకి లాగి పెద్ద పెద్ద గాదెల్లోకి ఒంపేస్తుంది. సంచులు కట్టి మనుషుల వీపుల మీద మోసే ఖర్చుతో పోలిస్తే అది కారుచౌక. ఇబ్బంది ఒకటే. ఒకసారి గాదెలో పడ్డ తర్వాత ఎవరి గింజ ఎవరిదో దేవుడికి కూడా తెలియదు.

1856లో బోర్డు దానికి దారి చూపింది. గోధుమను శీతకాలపు తెల్లది, శీతకాలపు ఎర్రది, వసంతకాలపుది అని మూడు తరగతులు చేసింది. ఏ తరగతి గింజ ఆ తరగతి గాదెలోకి పోతుంది. రైతుకో వర్తకుడికో ఒక రసీదు ఇస్తారు. ఆ రసీదు తెచ్చినవాడికి అదే తరగతి, అంతే తూకం ఇస్తారు, అదే గింజ కానక్కరలేదు. 1859లో ఇలినాయ్ శాసనసభ బోర్డుకు చార్టరు ఇచ్చి, తరగతులు నిర్ణయించే పనిని, తూకం కొలతలు తనిఖీ చేసే పనిని దాని చేతిలో పెట్టింది. అంతటితో సరుకు గాదెలో నిశ్చలంగా ఉండిపోయి, కాగితం చేతులు మారడం మొదలయింది. వాయిదా వ్యాపారానికి పునాది ఇక్కడే పడింది.

ముందుగా ధర కట్టుకుని తర్వాత సరుకు ఇచ్చే ఒప్పందాలు అంతకుముందే ఉన్నాయి. 1851 మార్చి 13న 3,000 బుషెళ్ళ మొక్కజొన్నను జూన్‌లో ఇస్తానని, ఆనాటి ధరకు ఒక సెంటు తక్కువకు బేరం కుదిరింది. బోర్డు లెక్కల్లో ఎక్కిన మొదటి ఒప్పందం అదే. కాని అటువంటిది ఇద్దరి మధ్య మాట మాత్రమే. మూడోవాడికి అమ్ముకోవాలంటే తరగతి, తూకం, గడువు అన్నీ ఒకే అచ్చులో ఉండాలి. 1865లో బోర్డు ఆ అచ్చు పోసింది. ఇరువైపులా ధరావతు కట్టాలని నియమం పెట్టింది. ఇప్పటికీ గోధుమ ఒప్పందం 5,000 బుషెళ్ళు, అంటే 136 టన్నులు, మన లెక్కన 1,360 క్వింటాళ్ళు.

రసీదు ఉన్నచోట దొంగ రసీదు పుట్టకుండా ఉండదు. ఆ రోజుల్లో గిడ్డంగుల యజమానుల్లో పెద్ద పేరు మన్ అండ్ స్కాట్ సంస్థది. ఇరా మన్ లోగడ బోర్డుకు అధ్యక్షుడుగా కూడా చేసినవాడు. గాదెలో ఉన్నదానికంటే ఎక్కువ ధాన్యానికి రసీదులు జారీ చేశారని, తనిఖీదార్లు వచ్చినపుడు గాదె పైభాగాన చెక్కలు పరిచి వాటి మీద పలుచగా ధాన్యం పోసి నిండు గాదె అనిపించారని 1872లో బయటపడింది. సంస్థ దివాలా తీసింది. బోర్డు ఆ ఇద్దరినీ బహిష్కరించింది. గిడ్డంగి అద్దెలపై ప్రభుత్వానికి అదుపు ఉండవచ్చునా అని వారి పేరు మీద నడిచిన వ్యాజ్యంలో, ఉండవచ్చునని 1877లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రజల అవసరం ముడిపడి ఉన్న వ్యాపారాన్ని ప్రభుత్వం కట్టడి చేయవచ్చుననే సూత్రానికి ఆ దేశంలో నేటికీ ఆ తీర్పే మొదటి మెట్టు. ధాన్యపు వర్తకుడి మోసం న్యాయశాస్త్రానికి ఇంత ఉపకారం చేయడం అరుదు.

గంట గోపురం, గోధుమ గొయ్యి

1871 అక్టోబరులో చికాగో తగలబడినపుడు బోర్డు ఉన్న భవనం కూడా బూడిద అయింది. ఏడాది తిరిగేసరికి అదే చోట కొత్తది కట్టుకుని వ్యాపారం సాగించారు. అదీ చాలలేదు. ఇప్పుడున్న స్థలాన్ని తీసుకున్నది అప్పుడే. లాసాల్ వీధిలో ఒక ముక్కను నగరం చేత మూయించి, దానికి అడ్డంగా భవనం లేపారు. డబ్ల్యు.డబ్ల్యు.బోయింగ్టన్ నమూనా గీశాడు. 1885 ఏప్రిల్ చివర తెరిచిన ఆ భవనానికి సుమారు 18 లక్షల డాలర్లు అయిందంటారు. నగరంలో విద్యుద్దీపాలు పెట్టుకున్న మొదటి వాణిజ్య భవనాల్లో అది ఒకటి. 300 అడుగులు దాటిన గడియారపు గోపురం దాని ప్రత్యేకత. బోర్డు వచ్చి కూర్చున్న తర్వాత చుట్టుపక్కల స్థలాల ధరలు ఎగబాకాయి. బ్యాంకులు, బ్రోకర్లు ఒకరి వెనక ఒకరు లాసాల్ వీధికి చేరారు. చికాగోకు అది దలాల్ స్ట్రీట్ అయింది.

అందరూ సంతోషించలేదు. ప్రారంభోత్సవపు విందు రాత్రి ఆల్బర్ట్ పార్సన్స్, ఆయన భార్య లూసీ నాయకత్వాన కార్మికులు నల్లజెండాలు, ఎర్రజెండాలు పట్టుకుని భవనం మీదికి ఊరేగింపు తీశారు. రొట్టె మీద పన్ను వేసే దొంగల కూటమి అని నిందించారు. పోలీసులు దారి కాచి నిలిపేశారు. మరుసటి ఏడు హేమార్కెట్ బాంబు కేసులో పార్సన్స్‌ను ముద్దాయిని చేసి, 1887 నవంబరులో ఉరితీశారు.

గోపురం కథ వేరు. చికాగో నేల మెత్తటి బంకమట్టి. బరువు ఆగక కుంగడం మొదలయింది. పదేళ్ళయినా నిండకముందే, 1895లో, ప్రమాదమని దాన్ని విప్పేయవలసి వచ్చింది. మిగతా భవనం 1929 దాకా నిలిచింది.

ఆ భవనంలో జరిగిన వ్యాపారమే చికాగో పేరును ప్రపంచమంతా మోగించింది. అక్కడి ‘పిట్’ అంటే ఎనిమిది పలకల గొయ్యి. బయటి నుంచి మెట్లెక్కి, లోపలికి మెట్లు దిగాలి. మెట్ల మీద వరుసలుగా నిలబడితే ప్రతివాడికీ ప్రతివాడు కనిపిస్తాడు. ఈ ఏర్పాటుకు 1878లో పేటెంటు కూడా తీసుకున్నారు. అరచేయి తనవైపు తిప్పితే కొంటున్నట్టు, ఎదుటివాడి వైపు తిప్పితే అమ్ముతున్నట్టు. వేళ్ళతో ధర, వేళ్ళతోనే పరిమాణం. మన పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని గుట్టుగా బేరమాడతారు. ఇక్కడ పద్ధతి దానికి పూర్తిగా తలకిందులు. వేలెత్తితే వందమంది చూడాలి, చెప్పిన ధర వందమంది వినాలి. గుట్టుగా చేసిన బేరం చెల్లదు.

సరుకు బిగబట్టే ఘనులకు ఆ గొయ్యి రణరంగం అయింది. ‘ఓల్డ్ హచ్’ అని అందరూ పిలిచే బెంజమిన్ హచిన్సన్ 1888లో సెప్టెంబరు గోధుమను మూటగట్టి, ఆఖరు రోజుల్లో బుషెలు 2 డాలర్ల దాకా లాగాడు. ఇవ్వవలసినవాళ్ళు ఆ ధరకు ఆయన దగ్గరే కొని ఆయనకే ఇవ్వవలసి వచ్చింది. అంత గెలిచినవాడూ తర్వాత కొద్ది ఏళ్ళకే పోగొట్టుకున్నాడు.

జోసెఫ్ లైటర్ కథ ఇంకా రుచికరమైనది. మార్షల్ ఫీల్డ్ సంస్థలో వాటాదారుగా సంపాదించిన లీవై లైటర్ కుమారుడు ఇతను. 1897లో తండ్రి డబ్బుతో గోధుమ కొనడం మొదలుపెట్టాడు. ఎదురు అమ్మినవాడు మాంసం వ్యాపారంలో కోటికి పడగలెత్తిన ఫిలిప్ ఆర్మర్. డిసెంబరు గడువుకు సరుకు చూపించలేడని లైటర్ ధీమా. సరస్సులు గడ్డకట్టి ఉన్నాయి, ఓడలు రావు. ఆర్మర్ పడవలు పంపి మంచు పగలగొట్టించి, ఉత్తరాన డులూత్ వైపు నుంచి లక్షల బుషెళ్ళ గోధుమ తెప్పించి చికాగో గాదెల్లో పోశాడు. లైటర్ అయినా వదలలేదు. 1898 మేలో ధర 1.85 డాలర్లకు వెళ్ళింది. ఆ ధర చూసి దేశంలో ఎక్కడెక్కడి గోధుమా కదిలింది. కొత్త పంట బాగుందని కబురు వచ్చింది. జూన్‌లో బజారు విరిగింది. కొడుకు చేసిన అప్పు తీర్చడానికి తండ్రి తన ఆస్తులు తాకట్టు పెట్టవలసి వచ్చింది. ఇందులోంచే ఫ్రాంక్ నారిస్ తన ‘ది పిట్’ నవల అల్లాడు. అది 1903లో, ఆయన పోయిన తర్వాత వెలువడింది.

సరుకును బిగబట్టడం తేలికే, వదిలించుకోవడమే కష్టమని ఈ ఇద్దరి కథలూ చూసినవారికి తెలుస్తుంది. అయినా ప్రతి తరంలోనూ ఒకడు పుట్టుకొస్తూనే ఉన్నాడు.

గొయ్యి బయట మరో రకం వ్యాపారం ఉండేది. బకెట్ షాపులనేవి ఊరూరా వెలిశాయి. మన సట్టా అడ్డాల వంటివే. సరుకు లేదు, ఒప్పందం లేదు, తంతి మీద వచ్చే చికాగో ధర మీద పందెం మాత్రమే. తన ధరలను దొంగిలించి జూదం ఆడుతున్నారని బోర్డు కోర్టుకెక్కింది. మీరు ఆడేదీ జూదమే కదా అని ఎదుటిపక్షం వాదన. 1905లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి హోమ్స్ బోర్డు వైపు తీర్పు చెప్పారు. గొయ్యిలో పుట్టిన ధర బోర్డు సొంత ఆస్తి అని, రాబోయే ధరను ముందుగా అంచనా కట్టడం సమాజానికి అవసరమైన పనేనని తేల్చారు. ఆ మేడలో తయారయ్యే అసలు సరుకు గోధుమ కాదు, ధర అని చట్టం ఒప్పుకున్నది ఆ రోజున.

మాంద్యంలో మేడ

1929లో పాత భవనం పడగొట్టారు. కొత్తది లేస్తూ ఉండగానే అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కుప్పకూలింది. పని ఆపలేదు. హోలబర్డ్ అండ్ రూట్ సంస్థ నమూనాతో 605 అడుగుల మేడ 1930 జూన్ 9న తెరుచుకుంది. బయట ఇండియానా సున్నపురాయి, లోపల మూడంతస్తుల ఎత్తున నల్లరాయి, లేతరంగు రాయి, నికెల్ తళుకులు. వ్యాపారం చేసే హాలు ఎత్తు ఆరంతస్తులు, వైశాల్యం 19,000 చదరపు అడుగులు. అంతటి హాలు అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. గోడమీద గడియారానికి ఇరువైపులా రెండు రాతి విగ్రహాలు ఉన్నాయి. ఒకవైపు గోధుమ పట్టుకున్న మెసపొటేమియా మనిషి, రెండోవైపు మొక్కజొన్న పట్టుకున్న అమెరికన్ ఇండియన్. ఏ గింజ ఎవరు పండించి ఇచ్చారో గోడమీదే రాసిపెట్టినట్టు. హాలులో జాన్ నార్టన్ వేసిన సీరిస్ చిత్రం మూడంతస్తుల ఎత్తు ఉండేది.

ఇంత సంబరంగా తలుపులు తీసిన మేడలోకి వచ్చిన ధరలు మాత్రం ఏడుపుముఖంతో వచ్చాయి. 1932లో గోధుమ బుషెలు 50 సెంట్ల కిందికి దిగింది. రైతులకు కోత కూలి కూడా రాలేదు. అమెరికా ప్రభుత్వం ధర నిలబెట్టడానికి కోట్ల బుషెళ్ళు కొని, ఆపలేక చేతులెత్తేసింది. ఎగరేసినా పడేసినా తప్పు చికాగోదే అన్న మాట పల్లెల్లో స్థిరపడింది. 1922 నాటి ధాన్య వాయిదాల చట్టానికి కోరలు పెట్టి 1936లో సరుకుల ఎక్స్చేంజీల చట్టం తెచ్చారు.

ఈ కాలపు పెద్ద తేజీదారు ఆర్థర్ కటెన్. 1924, 1925లలో గోధుమలో అంతులేని డబ్బు చేసుకున్నాడు. తన నిల్వలు ప్రభుత్వానికి చూపలేదని 1934లో అతని మీద చర్య మొదలుపెడితే, 1936లో సుప్రీంకోర్టు అతని పక్షానే చెప్పింది. అదే ఏడాది కన్నుమూశాడు. అతని పేరు ఈ కథలో మరోసారి వస్తుంది.

1936లోనే, అక్టోబరులో, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక కొత్త గింజకు గొయ్యి తెరిచారు. అది సోయాబీన్. 1950లో సోయా నూనె, 1951లో సోయా పిండి చేరాయి. గింజ కొని, నూనె, పిండి అమ్మి, గానుగ లాభాన్ని ముందే ఖాయం చేసుకునే వెసులుబాటు మిల్లర్లకు దొరికింది. నూనె ధర పౌనుకు సెంట్లలో, ఒప్పందం 60,000 పౌన్లు, అంటే 27 టన్నుల పైచిలుకు. మన దిగుమతిదార్లు నేటికీ చూసేది ఆ అంకెనే.

గింజ నుంచి బాండుకు

1972లో రష్యా గుట్టుచప్పుడు కాకుండా అమెరికా గోధుమను కొనుక్కుపోవడంతో నిద్రపోతున్న బజారు లేచింది. మరుసటి ఏడు జూన్‌లో సోయాబీన్ బుషెలు 12.90 డాలర్లకు చేరింది. అదే నెలాఖరున అమెరికా ఎగుమతులు నిలిపేసింది. 1980 జనవరిలో రష్యాకు ధాన్యం ఇవ్వరాదని అధ్యక్షుడు కార్టర్ నిషేధించినపుడు గొయ్యిని రెండు రోజులు మూసి ఉంచారు.

అయితే మేడ తలరాతను మార్చింది గింజలు కాదు. 1960లలో ధాన్యపు బజారు చప్పబడి ఉన్నపుడు కొత్త వ్యాపారం వెతుక్కోవాలని బోర్డు షేర్ల ఆప్షన్ల మీద కన్నేసింది. 1973 ఏప్రిల్ 26న, సభ్యులు చుట్టలు కాల్చుకునే గదిలో, 16 కంపెనీల షేర్లతో చికాగో బోర్డ్ ఆప్షన్స్ ఎక్స్చేంజీ మొదలయింది. తొలిరోజు 911 ఒప్పందాలు. రెండేళ్ళయినా కాకముందే గది చాలక, ఆరంతస్తుల ధాన్యపు హాలుకు మధ్యలో కొత్త నేల వేసి దాన్ని పైకి ఎక్కించారు. కింద గోధుమ, పైన షేర్లు. నార్టన్ చిత్రాన్ని ఆ పనుల్లో విప్పి చుట్టిపెట్టారు. అందమైన హాలును అడ్డంగా కోశారని కళాభిమానులు వాపోతే, అద్దె వచ్చే జాగా గాలికి వదిలేయడం వర్తకధర్మం కాదని బోర్డు అనుకుని ఉండాలి.

1977 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ బాండ్ల వాయిదాలు మొదలయ్యాయి. కొద్ది ఏళ్ళలో ఆ ఒక్క గొయ్యిలో జరిగే వ్యాపారం ధాన్యాలన్నిటినీ మించిపోయింది. 1978లో మేడకు జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు దక్కింది. వెనకవైపు హెల్మట్ యాన్ నమూనాతో 23 అంతస్తుల అనుబంధం కట్టి, నార్టన్ సీరిస్‌ను బాగుచేయించి దాని నడిమి చావడిలో వేలాడదీశారు. 1997లో 60,000 చదరపు అడుగుల మరో హాలు, 18 కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చుతో చేరింది.

మధ్యలో చేదు రోజులూ ఉన్నాయి. 1989 జనవరిలో ఎఫ్.బి.ఐ. మనుషులు రెండేళ్ళపాటు వ్యాపారులుగా కోట్లు తొడుక్కుని గొయ్యిలో నిలబడ్డారని బయటపడింది. ఖాతాదార్ల ఆర్డర్లలో చేతివాటం చూపారని నలభై మందికి పైగా వ్యాపారుల మీద కేసులు పెట్టారు. వందమంది చూస్తారు కనుక మోసం జరగదన్న నమ్మకానికి పెద్ద దెబ్బ తగిలింది. అదే ఏడాది జూలైలో, ఇటలీకి చెందిన ఫెరూజి సంస్థ సోయాబీన్‌లో పోగేసిన నిల్వలను తగ్గించుకోవలసిందేనని బోర్డు అత్యవసర ఉత్తర్వు ఇచ్చింది. ధర పడిపోయింది. బోర్డు సభ్యుల్లోనే అమ్మి కూర్చున్నవారు ఉన్నారని రైతులు గగ్గోలు పెట్టారు.

గొయ్యి పూడిన తీరు

1997లో అంత ఖర్చుపెట్టి హాలు కట్టడం పెద్ద పొరపాటని ఇప్పుడు చెప్పడం సులువు. కంప్యూటరు తెర అప్పటికే యూరప్‌లో గొయ్యిలను మింగడం మొదలుపెట్టింది. చికాగో సభ్యులు కాదన్నారు. వారికి సీటు అంటే ఆస్తి, కొడుకుకు ఇచ్చిపోయే పొలం వంటిది. కేకలు వేసి గొంతు బొంగురుపోయిన మనిషికి తెర ముందు కూర్చోవడం వ్యాపారంలా తోచలేదు.

2006 ఆగస్టు 1న పగటిపూట ధాన్యపు వాయిదాలు తెరమీద కూడా మొదలయ్యాయి. అప్పటికే బోర్డు షేర్లు అమ్మి కంపెనీగా మారిపోయింది. 2007 జూలైలో ఊళ్ళోనే ఉన్న పాత పోటీదారు, వెన్న, గుడ్ల బజారుగా పుట్టిన మర్కెంటైల్ ఎక్స్చేంజీలో విలీనమయింది. బేరం విలువ 1,100 కోట్ల డాలర్లకు పైమాటే. 2012లో కొత్త యజమాన్యం మేడను 15 కోట్ల డాలర్లకు అటూ ఇటూగా అమ్మివేసి, తనకు కావలసిన జాగా ఉంచుకుంది. ఎనభై ఏళ్ళకు పైగా సొంతింట్లో ఉన్న బోర్డు అద్దెకు దిగింది.

అదే ఏడాది గొయ్యి వ్యాపారులు ఆఖరి పోరాటం చేశారు. రోజు ముగింపు ధర అంతవరకు గొయ్యిలో పలికిన ధరే. ఇకపై తెరమీది బేరాలను కూడా కలిపి కట్టాలని యజమాన్యం నిర్ణయించింది. ముగింపు ధర మా చేతినుంచి పోతే గొయ్యికి ఎవరు వస్తారని వ్యాపారులు కోర్టుకు వెళ్ళారు. నియమం ఆగలేదు. వారి భయం నిజమే అయింది. 2015 నాటికి వాయిదాల్లో కేకల బజారు వాటా నూటికి ఒకటి. ఆ ఏడాది జూలైలో గోధుమ, మొక్కజొన్న, సోయా వాయిదాల గొయ్యిలు మూతపడ్డాయి. మిగిలిన ఆప్షన్ల గొయ్యిలను 2020 మార్చి 13న కరోనా మూయించింది. ధాన్యపు ఆప్షన్ల గొయ్యిలను ఇక తెరవబోమని 2021 మేలో ప్రకటించారు. పోయిన వారిలో కొందరు తెరకు అలవాటు పడ్డారు. పైనుంచి కింది మెట్టుదాకా ఎవడు కంగారులో ఉన్నాడో ముఖం చూసి కనిపెట్టడమే తమ విద్య అయినవారికి తెరలో ముఖం దొరకలేదు.

తోటలో దొరికిన ఇద్దరు

ఇక కటెన్ విషయం. 1885 నాటి భవనం గుమ్మం పైన రెండు నల్లరాతి స్త్రీమూర్తులు ఉండేవి. ఒకరు వ్యవసాయం, మరొకరు పరిశ్రమ. ఒక్కొక్కటి 12 అడుగులు, అయిదు టన్నుల పైమాట. 1929లో పడగొట్టినపుడు అవి ఎటు పోయాయో ఎవరూ పట్టించుకోలేదు. 1978లో నగరానికి పడమట వీటన్ దగ్గర అటవీశాఖ వారు 500 ఎకరాల ఎస్టేటు కొంటే, అందులో ఈ ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆ ఎస్టేటు ఒకప్పుడు ఆర్థర్ కటెన్‌ది. బజారులో ఎన్నో బిగబట్టిన మనిషి బోర్డు గుమ్మాన్నే తోటకు తరలించినట్టున్నాడు. 2005 జూన్ 9న వాటిని తిరిగి తెచ్చి మేడ ముందు నిలబెట్టారు.

చుట్టలగదిలో పుట్టి, 1984లో వేరింటికి వెళ్ళిపోయిన ఆప్షన్ల ఎక్స్చేంజీ 2022 జూన్‌లో మళ్ళీ ఇదే మేడకు వచ్చి గొయ్యిలు వేసుకుంది. కేకలు ఉన్నాయి గాని అవి షేర్ల సూచీల కేకలు. గింజ మాట లేదు.

గోధుమ, సోయా ధరలు ఇప్పుడు తయారయ్యేది మేడకు నలభై మైళ్ళ లోపు దూరంలో, అరోరా అనే ఊళ్ళో కిటికీలు లేని ఒక కంప్యూటర్ల గిడ్డంగిలో. 2025 నవంబరు 28న అక్కడ యంత్రాలను చల్లబరిచే ఏర్పాటు చెడిపోయి గంటల తరబడి ధరలు ఆగిపోయాయి. అదే యంత్రాంగం మీద నడిచే మలేషియా పామాయిలు వాయిదాలు కూడా నిలిచిపోయాయి. ఆ పూట వంటనూనెల వర్తకులు ముందురోజు ముగింపు ధరను చేతపట్టుకుని కూర్చోవలసి వచ్చింది.